పలక పట్టే ముందు.. రెండు కళ్లూ చూస్తున్నాయా?

పైకి రెండు కళ్లూ చక్కగానే ఉంటాయి. ఎరుపు లేదు, నొప్పి లేదు, నీరు కారడం లేదు. బిడ్డ పరుగెడుతుంది, టీవీ చూస్తుంది, బొమ్మలతో ఆడుతుంది. కానీ ఒక కన్ను మాత్రం పని మానేసి ఉంటుంది! అదే లేజీ ఐ. చిన్నప్పుడే పట్టుకుంటే ఇంట్లోనే సరిచేసుకోగల సమస్య. వదిలేస్తే జీవితాంతం వెంటాడే లోపం.

వసంత పంచమి వచ్చిందంటే బాసర కిటకిటలాడిపోతుంది. నిర్మల్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్‌ నుంచి, సరిహద్దు దాటి నాందేడ్‌ నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. జ్ఞాన సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయిస్తారు. ముహూర్తం చూస్తాం. కొత్త బట్టలు కొంటాం. పలక, బలపం, పూలు, పండ్లు ఏదీ మరచిపోం. ఇన్ని చూసుకునే మనం ఒక్కటి మాత్రం చూసుకోం. ఆ పలక మీది అక్షరాన్ని మన బిడ్డ రెండు కళ్లతోనూ చూస్తోందా?

ఇదేం ప్రశ్న అనుకోవద్దు. ప్రతి వంద మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురి దాకా ఒక కంటి చూపు సరిగా ఎదగకుండా ఉండిపోతుంది. అరుదుగా రెండు కళ్లలోనూ ఇలా జరుగుతుంది. దీన్నే లేజీ ఐ, అంటే సోమరి కన్ను అంటారు. వైద్యులు ఆంబ్లియోపియా అని పిలుస్తారు. అక్షరాభ్యాసం జరిగే మూడు నుంచి ఐదేళ్ల వయసే దీన్ని పట్టుకోవడానికి, సరిచేయడానికి అన్నిటికన్నా అనువైన సమయం. అందుకే ఈ వయసు పిల్లలున్న ప్రతి ఇంట్లో దీని గురించి తెలిసి ఉండాలి.

కన్ను బాగుంది.. చూపెందుకు లేదు?

మనం కంటితో చూస్తామనుకుంటాం. నిజానికి చూసేది మెదడు. కన్ను బొమ్మను అందిస్తుంది, దాన్ని చదివి అర్థం చేసుకునే పని మెదడుది. పుట్టిన బిడ్డకు ఈ చదువు రాదు. రెండు కళ్ల నుంచీ స్పష్టమైన బొమ్మలు అందుతూ ఉంటే, మొదటి ఏడెనిమిదేళ్లలో మెదడు ఈ విద్యను మెల్లమెల్లగా నేర్చుకుంటుంది.

ఈ వయసులో ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, రెండో కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే? మెదడు స్పష్టంగా ఉన్నదాన్నే తీసుకుని, మసకదాన్ని పక్కన పెట్టేస్తుంది. ఇలా నెలలు, సంవత్సరాలు గడిస్తే ఆ రెండో కంటి కోసం మెదడులో ఏర్పడాల్సిన దారులు బలపడవు. ఆ తర్వాత ఎంత మంచి అద్దాలు పెట్టినా ఆ కన్ను చివరి వరుస అక్షరాలు చదవలేదు.

నిర్మల్‌ బొమ్మలు చేసేవారికి పొనికి కర్ర సంగతి బాగా తెలుసు. అది మెత్తగా, తేలికగా ఉంటుంది. ఉలి ఎటు నడిస్తే అటు లొంగుతుంది. చిన్నపిల్లల మెదడూ అంతే. చిన్న వయసులో చూపు విషయంలో ఎటు మలిస్తే అటు మలుగుతుంది. వయసు పెరిగేకొద్దీ గట్టిపడుతుంది.

ఈ సంగతిని శాస్త్రీయంగా నిరూపించినవారు డేవిడ్‌ హ్యూబెల్‌, టార్‌స్టెన్‌ వీజల్‌. పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలు మూసి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను మామూలుగానే ఉంది. కానీ మెదడులో ఆ కంటికి స్పందించాల్సిన కణాలు చాలావరకు స్పందించడం మానేశాయి. పెద్ద పిల్లుల్లో ఇలా చేస్తే ఆ నష్టం జరగలేదు. చూపు విషయంలో బాల్యం ఎంత కీలకమో చాటిన ఈ పరిశోధనలకు గాను ఇద్దరికీ 1981లో నోబెల్‌ బహుమతి దక్కింది.

పిల్లలు ఎందుకు చెప్పరు?

కాలికి ముల్లు గుచ్చుకుంటే బిడ్డ ఏడుస్తుంది. చూపు తగ్గితే ఏడవదు. పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తోంది కాబట్టి లోకమంతా అలాగే ఉంటుందనుకుంటుంది. పైగా రెండో కన్ను బాగానే పనిచేస్తుండటంతో ఏ పనీ ఆగదు.

అందుకే చాలామందిలో ఇది అనుకోకుండా బయటపడుతుంది. ఆటలో కంట్లో దుమ్ము పడి మంచి కన్ను మూసుకున్నప్పుడు, బళ్లో కంటి పరీక్ష జరిగినప్పుడు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు దాటాక ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు తెలుస్తుంది. పోలీసు నియామకాలనే తీసుకోండి. పరుగు పందెం దాటి, రాతపరీక్ష గట్టెక్కి వచ్చిన అభ్యర్థికి చివర్లో ఒక్కో కన్ను విడివిడిగా పరీక్షిస్తారు. మెల్లకన్ను ఉన్నా అనర్హతే. సైన్యంలో, రైలు నడిపే ఉద్యోగాల్లోనూ చూపు నిబంధనలు గట్టిగానే ఉంటాయి. ఏళ్ల తరబడి పడ్డ శ్రమ అక్కడ ఆగిపోతుంది. మూడేళ్లప్పుడు జరగాల్సిన పరీక్ష ఇరవై మూడేళ్లకు జరగడం వల్ల వచ్చే కష్టమిది.

ఉద్యోగాల సంగతి అలా ఉంచినా, రెండు కళ్లూ కలిసి పనిచేస్తేనే లోతు, దూరం కచ్చితంగా తెలుస్తాయి. సూదిలో దారం ఎక్కించడానికి, గాల్లోకి లేచిన బంతిని పట్టడానికి, మెట్లు దిగడానికి ఇది అవసరం. అన్నిటినీ మించి, ఏ ప్రమాదంలోనో మంచి కన్ను దెబ్బతింటే మిగిలేది ఆ బలహీనమైన కన్నే.

కారణాలు ముఖ్యంగా మూడు

దృష్టి దోషం: రెండు కళ్ల పవర్‌లో పెద్ద తేడా ఉండటం. ఉదాహరణకు ఒక కంటికి ప్లస్‌ 1, రెండో కంటికి ప్లస్‌ 5 ఉందనుకోండి. మెదడు మొదటి కంటినే వాడుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు కాబట్టి ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రెండు కళ్లలోనూ పవర్‌ చాలా ఎక్కువగా ఉండి, అద్దాలు పెట్టకపోతే రెండూ మందగించొచ్చు.

మెల్లకన్ను: ఒక కన్ను లోపలికో, బయటికో తిరిగి ఉంటే రెండు కళ్లూ రెండు వేర్వేరు దృశ్యాలను పంపుతాయి. ఆ గందరగోళం తప్పించుకోవడానికి మెదడు తిరిగి ఉన్న కంటి బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది.

చూపుకు అడ్డు: పుట్టుకతో వచ్చే శుక్లం, నల్లగుడ్డును కప్పేసేలా వాలిపోయిన రెప్ప వంటివి. ఇవి తక్కువ మందిలోనే ఉంటాయి గానీ అన్నిటికన్నా ప్రమాదకరం. పుట్టుకతో శుక్లం వచ్చి చూపును బాగా అడ్డుకుంటుంటే సాధారణంగా మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే ఆపరేషన్‌ చేయాల్సి ఉంటుంది. బిడ్డ కాస్త పెద్దదయ్యాక చూద్దామనుకోవడానికి వీల్లేదు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, తక్కువ బరువుతో పుట్టినవారిలో, తల్లిదండ్రులకో తోబుట్టువులకో మెల్లకన్ను లేదా లేజీ ఐ ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. వీరికి ఏడాది లోపే ఒకసారి కంటి పరీక్ష చేయించడం మంచిది.

ఇంట్లోనే చిన్న ఆట

మీ బిడ్డకు ఇష్టమైన బొమ్మను కాస్త దూరంగా పెట్టండి. మీ అరచేతితో ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూయండి. ఒక కన్ను మూసినప్పుడు హాయిగా ఆడుకుంటూ, రెండోది మూసినప్పుడు మాత్రం చేయి తోసేస్తున్నా, తల పక్కకు తిప్పుతున్నా, ఏడుస్తున్నా అనుమానించాలి. మీరు మూసింది బిడ్డ వాడుకుంటున్న మంచి కన్ను కావొచ్చు.

నాలుగైదేళ్ల పిల్లలైతే గోడ మీది క్యాలెండర్‌లో అంకెలనో బొమ్మలనో చెప్పమనండి. బిడ్డ తన చేత్తో కన్ను మూసుకుంటే వేళ్ల సందుల్లోంచి చూసేస్తుంది. అందుకే మీ అరచేతితోనే మూయండి. కంటిని నొక్కొద్దు.

ఇంకా వీటిని గమనించండి.

- నాలుగు నెలలు దాటాక కూడా ఒక కన్ను పక్కకు తిరుగుతుండటం
- తల ఒక పక్కకు వంచి చూడటం
- ఎండలోకి వెళ్తే ఒక కన్ను మూసుకోవడం
- టీవీకి, పుస్తకానికి మరీ దగ్గరగా వెళ్లడం
- ఒకవైపు ఉన్న వస్తువులను తరచూ తగులుకోవడం

ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటి నల్లగుడ్డు ఎరుపుకు బదులు తెల్లగా మెరుస్తుంటే వెంటనే కంటి డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాలి. అది శుక్లం కావొచ్చు, అరుదుగా కంటిలో క్యాన్సర్‌ గడ్డ కూడా కావొచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంటి ఆటలో అనుమానం వస్తే పరీక్ష అవసరమని అర్థం. అనుమానం రాకపోయినా అంతా బాగుందని అర్థం కాదు. మూడేళ్లు నిండాక, బడిలో చేర్చేలోపు ప్రతి బిడ్డకూ ఒకసారి పూర్తి కంటి పరీక్ష చేయించాల్సిందే.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

అక్షరాలు రాని పిల్లలకు బొమ్మల చార్టు ఉంటుంది. చూసి పేరు చెబితే చాలు, లేదా చేతిలోని కార్డు మీద అదే బొమ్మను చూపిస్తే చాలు. ఒక్కో కన్ను విడిగా పరీక్షిస్తారు. 6/6 అంటే ఆరు మీటర్ల దూరం నుంచి చదవాల్సింది చదువుతోందని అర్థం. 6/24 అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదవగలిగేదాన్ని ఈ కన్ను ఆరు మీటర్ల దగ్గరికి వస్తేగానీ చదవలేదన్నమాట.

పిల్లల కంటి కండరాలు చాలా చురుగ్గా ఉంటాయి. అవి బిగుసుకుని అసలు పవర్‌ను దాచేస్తాయి. అందుకే నల్లగుడ్డు విచ్చుకునేలా మందు వేసి పరీక్షిస్తారు. కొన్నిచోట్ల దీనికోసం రెండు మూడు రోజులు ఇంట్లో వేయమని ఆయింట్‌మెంట్‌ ఇస్తారు. దీంతో కొన్నాళ్లు దగ్గరి చూపు మసకగా, వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. భయపడాల్సిన పనిలేదు. కానీ బిడ్డకు జ్వరం వచ్చినా, ముఖం బాగా ఎర్రబడినా మందు ఆపి డాక్టర్‌కు చెప్పాలి. మందు వేయకుండా కంప్యూటర్‌ మీద చూసి రాసిచ్చిన పవర్‌తో చిన్నపిల్లలకు అద్దాలు చేయించొద్దు.

చికిత్స మూడు మెట్లు

మొదటి మెట్టు అద్దాలు. పవర్‌లో తేడా ఉంటే అద్దాలే మందు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా పెట్టుకోవాలి. కేవలం అద్దాలతోనే మూడు నాలుగు నెలల్లో చూపు బాగా మెరుగుపడే పిల్లలున్నారు. కొందరికి పట్టీ అవసరమే రాదు.

రెండో మెట్టు పట్టీ. మంచి కంటిని రోజూ కొంతసేపు మూసి, బలహీనమైన కంటితో పని చేయించడం. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1743లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్‌ దీని గురించి రాశాడు. ఒకప్పుడు రోజంతా కట్టించేవారు. అమెరికాలో ఏడేళ్ల లోపు పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనాల ఫలితాలు 2003లో వచ్చాక ఆ పద్ధతి మారింది. లోపం మధ్యస్థంగా ఉంటే రోజుకు రెండు గంటలు, తీవ్రంగా ఉంటే ఆరు గంటలు చాలని తేలింది. ఎన్ని గంటలన్నది డాక్టరే నిర్ణయించాలి. త్వరగా తగ్గాలని మీరే గంటలు పెంచితే మంచి కంటి చూపు తగ్గే ప్రమాదముంది. పట్టీని చర్మానికి అంటించి, దాని మీద అద్దాలు పెట్టాలి. అద్దానికి అంటిస్తే పిల్లలు పక్కనుంచి చూసేస్తారు.

మూడోది అట్రోపిన్‌ చుక్కలు. పట్టీని ఎంతకూ ఉంచుకోని పిల్లలకు మంచి కంట్లో ఈ చుక్కలు వేసి, దాని చూపును తాత్కాలికంగా మసకబారుస్తారు. అప్పుడు మెదడు రెండో కంటిని వాడక తప్పదు. మధ్యస్థ లోపంలో ఇది పట్టీతో దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఈ మందు నోట్లోకి వెళ్తే ప్రమాదం. సీసా పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి.

మెల్లకన్నుకు ఆపరేషన్‌ చేస్తే కన్ను తిన్నగా అవుతుంది. మందగించిన చూపు దానంతటదే తిరిగి రాదు. ఆపరేషన్‌కు ముందో తర్వాతో అద్దాలు, పట్టీ అవసరం కావొచ్చు. రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపించే డిజిటల్‌ చికిత్సలు కూడా వస్తున్నాయి. 2021లో అలాంటి ఒక పరికరానికి అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అలాగని ఫోన్‌లో దొరికే ప్రతి ఆటా చికిత్స కాదు.

అసలు కష్టం పట్టీ దగ్గరే

ఈ చికిత్సలో డాక్టర్‌ పని తక్కువ, ఇంట్లోవాళ్ల పని ఎక్కువ. బిడ్డ వైపు నుంచి ఆలోచించండి. బాగా కనిపించే కంటిని మూసేసి, కనిపించని కంటితో చూడమంటున్నాం. ఏడవక ఏం చేస్తుంది? మొదటి రెండు వారాలు అన్నిటికన్నా కష్టం. ఓపిక పడితే, రెండో కంటికి చూపు వస్తున్నకొద్దీ మొండితనం తగ్గుతుంది.

రోజూ ఒకే వేళ పెట్టుకోండి. పట్టీ పెట్టడానికి ముందే ఆట సిద్ధంగా ఉంచండి. కంటికి దగ్గరగా చేసే పనులైతే మంచిది. బొమ్మలకు రంగులేయడం, పూసలు గుచ్చడం, చుక్కలు కలిపి ముగ్గు వేయడం, వామనగుంటలు ఆడటం, నానమ్మతో కూర్చుని పప్పులో రాళ్లు ఏరడం. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు పూలు వరసగా అందించే పని అప్పగించండి. ఆ రెండు గంటలూ ఇట్టే గడిచిపోతాయి. ఇష్టమైన బొమ్మకూ ఒక పట్టీ అంటించండి. క్యాలెండర్‌లో రోజుకో చుక్క పెట్టించండి. ఎండాకాలంలో చెమటకు చర్మం దురద పెడితే ఉదయమో సాయంత్రమో చల్లని వేళ చూసుకోండి. తీసేటప్పుడు తడిపి నెమ్మదిగా తీయండి.

బళ్లో టీచర్‌కు ముందే చెప్పండి. తోటి పిల్లలు వెక్కిరిస్తారన్న భయం ఉంటే ఇంట్లో ఉన్న వేళకే పరిమితం చేయొచ్చేమో డాక్టర్‌ను అడగండి. చూపు బాగైందని ఒక్కసారిగా ఆపేయొద్దు. చికిత్స ఆపిన ఏడాదిలో దాదాపు నాలుగో వంతు పిల్లల్లో చూపు మళ్లీ కొంత తగ్గుతుంది. అందుకే గంటలు క్రమంగా తగ్గిస్తారు, తర్వాత కూడా పరీక్షలకు రమ్మంటారు.

వయసు దాటిపోతే?

ఏడేళ్లలోపు ఫలితం అన్నిటికన్నా బాగుంటుంది. అలాగని ఆ తర్వాత తలుపులు మూసుకుపోవు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో 7-12 ఏళ్ల పిల్లల్లో సగానికి పైగా మెరుగుపడ్డారు. 13-17 ఏళ్లవారిలోనూ, అంతకుముందు ఎప్పుడూ చికిత్స తీసుకోనివారికి కొంత ప్రయోజనం కనిపించింది. మీ పెద్దబ్బాయికి పదేళ్లని వదిలేయకండి. ఒకసారి చూపించండి.

పెద్దయ్యాక బయటపడితే మంచి కంటిని కాపాడుకోవడమే ముఖ్యం. పవర్‌ లేకపోయినా పగలని పాలికార్బొనేట్‌ అద్దాలు వాడటం, చిర్రగోనె, టపాసుల వంటి వాటి దగ్గర జాగ్రత్తగా ఉండటం అవసరం.

మనింట్లో వినిపించే మాటలు

‘మెల్లకన్ను అదృష్టం బిడ్డా, ఏం కాదు’: ప్రేమతో చెప్పే మాటే. కానీ ఆ మాట నమ్మి ఆగిన ప్రతి ఏడాదీ చూపు తరిగిపోతుంది. ముక్కు దూలం వెడల్పుగా ఉండి మెల్లకన్నులా కనిపించే పిల్లలూ ఉంటారు. ఏది ఏదో డాక్టర్‌ తేల్చాలి.

‘ఆడపిల్లకు ఇప్పటి నుంచే అద్దాలా?’: రేపటి పెళ్లి చూపుల కోసం ఇవాళ్టి చూపును పోగొట్టుకోవద్దు. ఇప్పుడు అద్దాలు పెట్టకపోతే తర్వాత ఏ లేజర్‌ చికిత్సా ఆ చూపును తెచ్చివ్వలేదు.

‘ఫోన్‌ చూసే ఇలా అయింది’: ఫోన్‌ వల్ల లేజీ ఐ రాదు. ఎక్కువసేపు ఫోన్‌ మంచిది కాదన్నది వేరే సంగతి. బిడ్డను తిట్టకండి.

‘క్యారెట్‌ తింటే పోతుంది’: మంచి తిండి అవసరమే. లేజీ ఐకి మాత్రం అది మందు కాదు.

ఎక్కడికి వెళ్లాలి?

కంటి వైద్యమంటే హైదరాబాదే అనుకునే రోజులు ఈ జిల్లాలో ఎప్పుడో మారాయి. ఎల్వీ ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ పల్లెల కోసం తన తొలి గ్రామీణ కేంద్రాన్ని 1996లో తెరిచింది మన ముధోల్‌లోనే. భోస్లే గోపాల్‌రావు పటేల్‌ నేత్ర కేంద్రం అది. ఆ ఏడాదే మొదలై 2000 దాకా సాగిన ఆంధ్రప్రదేశ్‌ నేత్ర వ్యాధుల అధ్యయనానికి ఎంచుకున్న ప్రాంతాల్లో నాటి ఆదిలాబాద్‌ జిల్లా కూడా ఉంది. చూపు తగ్గడానికి ఉన్న పెద్ద కారణాల్లో సరైన అద్దాలు లేకపోవడం ఒకటని ఆ అధ్యయనం తేల్చింది. అంటే చాలామందికి కావాల్సింది పెద్ద వైద్యమేమీ కాదు, సకాలంలో ఒక పరీక్ష.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తాయి. చూపు లోపాలు కూడా అందులో భాగమే. మీ బిడ్డ ప్రైవేటు బడిలో చదువుతుంటే ఆ బాధ్యత మీదే. బళ్లో పరీక్ష జరిగిందంటే, ఒక్కో కన్ను విడిగా మూసి చూశారా అని అడగండి. రెండు కళ్లూ తెరిచి చదివిస్తే లేజీ ఐ ఉన్న బిడ్డ కూడా అన్ని వరుసలూ చదివేస్తుంది.

ఆపరేషన్‌ వంటివి అవసరమైతే హైదరాబాద్‌లో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్‌ సంస్థ ఉన్నాయి. అద్దాలు, పట్టీతో సరిపోయే చికిత్సకు ఊరు దాటి ఉండాల్సిన పనిలేదు. మొదట్లో రెండు మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తే చాలు. మిగతాదంతా మీ ఇంటి వరండాలో జరిగేదే.

ఈసారి బాసర ప్రయాణం పెట్టుకున్నప్పుడు పలక, బలపంతో పాటు మరో పని కూడా రాసుకోండి. ముహూర్తానికి ముందే బిడ్డ రెండు కళ్లకూ విడివిడిగా పరీక్ష చేయించండి. అక్షరం దిద్దించేటప్పుడు పట్టుకోవడానికి పెద్దల చెయ్యి ఉంది. దాన్ని చూడటానికి మాత్రం బిడ్డకు తన రెండు కళ్లే ఉండాలి.